కాలికి తెలియని రాయి

గుర్రం పగిలింది. మామూలు పగులు కాదు. కుండలు కాల్చే ఆవం మీది మట్టిపూత ఊడదీసి బూడిద పక్కకు తోసేసరికి అయ్యనారు దేవుడికి చేసిన మట్టిగుర్రం మెడ ఒక దిక్కు, తొడ ఒక దిక్కు పడి ఉన్నాయి. పొట్టలో పిడికిలి పట్టేంత బొక్క. ఊరి పెద్ద అంబలం, ఆయన వెంట వచ్చిన నలుగురు మగవాళ్ళు చెంపలేసుకున్నారు. నా మొగుడు అడైక్కలం వేళార్ చెంపలేసుకోలేదు. తలెత్తి ఇంటివైపు చూసి, "ఇంట్లో ముట్టయిన ఆడది ఎవరు?" అన్నాడు.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఇంట్లో ఉన్న ఆడవాళ్ళం ఇద్దరం. నేను, నా కోడలు మంగై. నాకు ముట్లుడిగి తొమ్మిదేళ్ళయింది. ఇంక ఆ ప్రశ్న ఎవరికో పాలుతాగే పిల్లకైనా తెలుస్తుంది.

మంగై వాకిట్లో చీపురు పట్టుకుని నిలబడి ఉంది. "నేను కాదు మావా. నాకింకా పది రోజులుంది" అంది. పరాయి మగాళ్ళ ముందు ఆ పిల్ల చేత ఆ మాట అనిపించారు. అంతటితో వదిలారా? "ఏం పాక్కియక్కా, నిజమేనా?" అని అంబలం నన్నడిగాడు. నేనేం చేశాను? "నా కోడలు కాదంటే కాదు, పోండి" అన్నానా? లేదు. అందరి ముందూ వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. లెక్కపెట్టి, "ఏమో, పోయిన నెల రెండు రోజులు ముందే వచ్చింది" అన్నాను. ఆ చేతిని నరుక్కోవాలి.

అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అంటారు. మేం కుండలు చేసుకు బతికేవాళ్ళం, మా ఇళ్ళలో ఆ సామెత ఎవరూ నవ్వుతూ అనరు. దోషం తీరేదాకా పిల్ల పుట్టింట్లో ఉండాలని అంబలం తేల్చాడు. ఆమె పేరున గుడిలో పరిహారం చేయించారు. నా కొడుకు సెల్లముత్తు మట్టి పని నేర్వలేదు, లోడాటో నడుపుతాడు. రోజూ సిమెంటు బస్తాలు ఎత్తి దించేవాడికి పెళ్ళాం కోసం ఒక్క మాట ఎత్తడానికి నోరు రాలేదు. ఆ ఆటోలోనే, బస్తాలు వేసే చోట ఆమె పెట్టె వేసి, ఆలంగుడి దగ్గర వాళ్ళ ఊళ్ళో దింపి వచ్చాడు.

మా ఆయన మాత్రం ఆ పూటే పెంకులన్నీ ఏరించి, ఒక్కటి మిగలకుండా చెరువులో కలిపించాడు. దేవుడి గుర్రం పెంకులు నలుగురి కాళ్ళ కింద పడకూడదన్నాడు. భక్తి అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

మా పని తెలియనివాళ్ళు మట్టి మెత్తబడటానికి తొక్కుతామనుకుంటారు. మెత్తబడటానికైతే ఎద్దును తిప్పినా చాలు. మేం తొక్కేది వెతకడానికి. మా చెరువు మట్టిలో సున్నపురాయి ఉంటుంది. మినపగింజంత ఉంటే చాలు, ఆవంలో కాలుతుంది, చల్లారేటప్పుడు కాస్త చెమ్మ తగిలితే ఉబ్బుతుంది, గుర్రాన్ని లోపలినుంచి చీలుస్తుంది. కంటికి కనపడదు, చేతికి అందదు. అరికాలికి మాత్రమే తెలుస్తుంది. ఇంటి కుండల మట్టి మేం ఆడవాళ్ళం తొక్కుతాం. దేవుడి గుర్రానికి అలా కాదు. ఎండలు ముదిరే చిత్తిరై నెలలో ఊరు తాంబూలంతో పాటు పిడికెడు మన్ను తెచ్చి ఎవరి చేతిలో పెడుతుందో వాడే తొక్కాలి, వాడే చెయ్యాలి. పండగ అయ్యేదాకా నీచు తినకూడదు, కాలికి చెప్పు తగలకూడదు. ఆ పిడికెడు మన్ను పుచ్చుకోవడం మా ఇంటి కాణాచి, తాతల నాటి హక్కు. ఇంట్లో తొక్కే కాలు లేకపోతే దాయాదులైన పాలివాళ్ళకు పోతుంది. మాకు పాలివాడంటే పక్కింటి కరుప్పయ్యే. గోడకు చెవి ఆనించి కూర్చునే రకం.

మా ఆయన కాలి సంగతి చుట్టుపక్కల పది ఊళ్ళకు తెలుసు. ఇసక రేణువుకూ ఆవగింజకూ తేడా చెప్పేవాడు. ఆ గర్వం ఆయనకు గుర్రం కంటే ఎత్తు.

రెండో గుర్రానికి మట్టి తెచ్చి తొక్కడం మొదలుపెట్టిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం, గంజి తాగి అరుగు మీద పడుకున్నాడు. నేను ఎండుమిరపకాయలు తిరగెయ్యడానికి వాకిట్లోకి వచ్చాను. అరుగు కింద నుంచి ఎర్రచీమల బారు. చూపు వెంట పంపితే ఆ బారు నేరుగా ఆయన కుడికాలి మీదికి పోతోంది. అరికాలు ఎర్రగా కదులుతోంది. ఒక్క చీమ కుడితే నేను వీధంతా లేపుతాను. ఈయన గుర్రు పెడుతున్నాడు.

"లెయ్యవయ్యా! చీమలు నీ కాలు పీక్కుతింటున్నాయి!"

"ఏంటే గోల?" లేచి కూర్చుని కాలు చూసుకున్నాడు. అది పక్కవాడి కాలన్నట్టు చూశాడు. తీరిగ్గా తువ్వాలుతో దులుపుకున్నాడు.

"కుట్టట్లేదా నీకు?"

"నలభై ఏళ్ళు మట్టి తొక్కిన కాలు. మొద్దుబారకుండా ఉంటుందా? అయినా నీ నోటి కంటే గట్టిగా కుడతాయా చీమలు?"

హాస్యం ఆడాడు. ఆ కాలు లాగి ఒళ్ళో పెట్టుకున్నాను. చిటికెన వేలి కింద ఆనెకాయ, మాడిన రొట్టె అంచులా గట్టిగా, పసుప్పచ్చగా. దాని నడుమ నల్లటి చుక్క. నొక్కితే వాసన కొడుతూ నీరు ఊరింది. ఆయన ముఖంలో వెంట్రుకవాసి మార్పు లేదు. పెళ్ళయిన కొత్తలో ఆయన కాళ్ళు పట్టేదాన్ని, అరికాలు బూరెలా మెత్తగా ఉండేది. ఇప్పుడు ఆ మెత్తదనం ఏమైపోయిందో, తోలు కింద ఎముకలు నేరుగా నా వేళ్ళకు తగిలాయి.

"ఎన్నాళ్ళయింది ఇది?"

"ఏది?"

"ఏదేంటయ్యా, నీ తలకాయ! ఈ బొక్క!"

"పని కాలికి ఆనెలుండవా? నొప్పి లేదు, ఏమీ లేదు. పక్కకు జరుగు, మట్టి ఆరిపోతది."

నొప్పి లేదన్న మాటే నన్ను పట్టుకుంది. ఎర్రచీమలు కుట్టినా తెలియని కాలికి ఇంకేం తెలుస్తుంది? తొక్కిన మట్టి కుప్ప గోనె కింద ఉంది. గోనె లాగేసి, చీర దోపుకుని దిగాను.

"ఏయ్! అపచారం! అది దేవుడి మట్టి! ఆడదానివి కాలు పెడతావా?"

మొదటి అడుగులో మడమ కింద ఒకటి తగిలింది. రెండో అడుగులో వేళ్ళ సందున రెండు. ఇంకో రెండడుగులేసేసరికి ఏడయ్యాయి. ఒక్కొక్కటీ ఏరి అరుగు మీద ఆయన ముందు పెట్టాను. శనగబద్దంత రాయి కూడా ఉంది అందులో.

"ఇవేంటి? తొమ్మిది రోజులుగా నువ్వు తొక్కుతున్నది మట్టినా, మీ తాతనా?"

"మెల్లగా మాట్లాడవే. పక్కింటికి వినపడుద్ది" అన్నాడు.

చూశారా! కాలు కుళ్ళుతోందని భయం లేదు. రాయి ఎలా మిగిలిందని ఆశ్చర్యం లేదు. పక్కింటికి వినపడుతుందట. ఆ మట్టిలోనే కూలబడి ఏడ్చాను. దుఃఖం కాదు, ఒట్టి కోపం. ఈయనది షుగర్ ఒళ్ళు. ఏడాది కిందట షుగర్ క్యాంపులో ఈయనకు మెత్తటి చెప్పులు ఇచ్చి, ఇంట్లో కూడా ఇవే వేసుకోవాలని చెప్పి పంపారు. అవి అటక మీద ఎలుకలకు పరుపయ్యాయి. దీక్ష లేని నెలల్లో కూడా వేసుకోలేదు మహానుభావుడు. అవి ముసలాళ్ళవట.

సెల్లముత్తుకు ఫోన్ చేసి, "ఇప్పుడైనా మగాడిలా ఒక పని చెయ్యరా" అన్నాను. ఇద్దరం కలిసి ఆయన్ని లోడాటోలో ఎక్కించి పుదుక్కోట్టై పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. దారి పొడవునా తిట్టాడు. దారి పొడవునా నేనూ తిట్టాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మంగై వయసుంటుంది. షుగర్ పదకొండేళ్ళని చెప్పాను. మందులు సరిగ్గా వేసుకుంటాడా అని అడిగింది.

"వేసుకుంటాడమ్మా, గుర్తొచ్చినప్పుడు. పొంగల్‌కీ దీపావళికీ గుర్తొస్తుంది."

ఆ అమ్మాయి నవ్వలేదు. ఆయన్ని కళ్ళు మూసుకోమంది. గుర్రపు వెంట్రుకంత సన్నటి తీగ తీసి, "ఇది ఎక్కడ తగిలితే అక్కడ చెప్పండి పెద్దాయనా" అని అరికాల్లో తాకించసాగింది. బొటనవేలి కింద తాకించింది. "ఆఁ" అన్నాడు. మడమ మీద తాకించింది. "ఆఁ" అన్నాడు. నాకు కాస్త ఊపిరి వచ్చింది. ఇంతలో డాక్టరమ్మ తీగ ఎత్తి గాల్లో ఊరికే పట్టుకుంది.

"ఇప్పుడు?"

"తెలుస్తోందమ్మా. బాగా తెలుస్తోంది."

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఆసుపత్రిలో కూడా అబద్ధమే! ఎవర్ని మోసం చేద్దామని, ఆ తీగనా?

తర్వాత చిన్న కత్తితో ఆనెకాయ చెక్కడం మొదలుపెట్టింది. తోలు పొరలు పొరలుగా లేచింది. ఆయన సీలింగు ఫ్యాను చూస్తూ పడుకున్నాడు, క్షవరం చేయించుకుంటున్నట్టు. మూడో పొర కింద చీము బుడుక్కున ఎగజిమ్మింది. పైకి కందిగింజంత చుక్క, లోపల నా బొటనవేలు దూరేంత గుంట. పటకారుతో అందులోంచి ఏదో లాగి ఇనప పళ్ళెంలో వేసింది. టంగుమంది. కడిగి చూపించింది. తెల్లటి సున్నపురాయి.

మట్టిలోంచి తీసి పారెయ్యాల్సిన రాయిని ఈయన కాల్లో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"షుగర్ ముందు నరాల్ని చంపుతుందమ్మా" అంది డాక్టరమ్మ. "అరికాలి కింద మనకు కొవ్వు మెత్తలా ఉంటుంది. అది పలచబడి పక్కకు జారిపోతుంది. ఇంక ఎముక నేరుగా తోలు మీద ఒత్తుతుంది. తోలు తనను కాచుకోవడానికి గట్టిపడుతుంది, ఆ గట్టిదే మళ్ళీ రాయిలా లోపలి మాంసాన్ని నలుపుతుంది. పైకి ఆనె, కింద కుళ్ళు. రక్తం కూడా సరిగ్గా రాదు కాబట్టి మానదు."

"నొప్పి లేదు కదమ్మా, అంత పెద్దదై ఉండదులే" అన్నాడీయన.

"నొప్పి ఉండుంటే మీరు అదృష్టవంతులు పెద్దాయనా. ఎప్పుడో పరిగెత్తుకుంటూ వచ్చేవాళ్ళు." చీము వేళ్ళ నరాల దారిన పైకి పాకుతోందని, రెండు వేళ్ళు తీసెయ్యాలని, ఆలస్యమైతే పాదమే పోతుందని చెప్పి వెళ్ళిపోయింది.

వార్డులో మంచం పక్కన నిలబడి అడిగాను. "నిజం చెప్పు. ఎప్పట్నుంచి తెలియట్లేదు?"

దుప్పటి కాలి మీదికి లాక్కున్నాడు. "పోయిన ఏడాది ఆడి నెల నుంచి" అన్నాడు. "మొదట తిమ్మిరి. తర్వాత దూది మీద నడిచినట్టుండేది. తర్వాత ఆ దూదీ లేదు."

"అంటే మొదటి గుర్రం తొక్కేటప్పుడే తెలుసు."

తల తిప్పుకున్నాడు.

"పెంకులు అందుకే చెరువులో కలిపావు. బొక్కల్లో సున్నం కనపడుతుందని."

"కాణాచి పోద్దే పాక్కియం" అన్నాడు. "తొక్కలేనోడికి ఊరు మన్ను ఇస్తదా? మా నాన్న, మా తాత... అంతా కరుప్పయ్యగాడి గడపలోకి పోదా?"

"మరి పిల్లని ఎందుకన్నావు?"

"పిల్లకేముంది? చిన్నది. నాలుగు రోజులు పుట్టింట్లో ఉండి వస్తది. మర్చిపోద్ది."

ఆడలేక మద్దెల ఓడన్నారట. ఈయన ఓడు అనడంతో ఆగలేదు, మద్దెలను తీసుకెళ్ళి వీధిలో పారేశాడు. జబ్బుమనిషి కాబట్టి బతికిపోయాడు గానీ, లేకపోతే ఆ ఇనప పళ్ళెం ఆయన నెత్తిమీదే మోగేది.

ఆ మరునాడు పొద్దున్నే అంబలం చూడటానికి వచ్చాడు. షుగర్ రోగికి అరటిపళ్ళు, హల్వా పొట్లం తెచ్చాడు. ఊరి పెద్దల తెలివి అలా ఉంటుంది. ఆయన చెప్పులు వార్డు గుమ్మం దగ్గర చప్పుడయ్యేసరికి మా ఆయన కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు. లేపాను, లేవలేదు. సరే, నీ ఇష్టం అనుకున్నాను. గుడ్డలో కట్టి దాచిన రాయి తీసి అంబలం అరచేతిలో పెట్టాను.

"ఇది ఈయన కాల్లో దొరికింది. గుర్రం పగలగొట్టింది ఇలాంటిదే. కాలికి ఏడాదిగా స్పర్శ లేదు, ఈయనకు తెలుసు. నా కోడలి తప్పు ఇసుమంత లేదు. ఈ మాట ఊరందరి ముందూ చెప్పాలి."

అంబలం రాయిని వేళ్ళతో తిప్పి చూశాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అక్కా, మనలో మన మాట. ఇది ఇక్కడితో ఆపేద్దాం. ఊరికి ఒకసారి చెప్పేశాం. పరిహారం అయిపోయింది. ఇప్పుడు కాదంటే మా మాటకు విలువేం ఉంటది? అన్నని బాగవనీ. పేరుకి సెల్లముత్తు తొక్కుతాడు, అన్న కూర్చుని చేస్తాడు. కాణాచి మీ ఇంట్లోనే ఉంటది, ఆ పూచీ నాది. పిల్లని కూడా నెల తర్వాత మెల్లగా తెచ్చుకోండి."

మా ఆయన ఒక కన్ను తెరిచాడు. నిద్రపోతున్నవాడికి కాణాచి మాట భలే వినపడింది. "ఒప్పుకోవే" అన్నాడు మెల్లగా.

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకూ ఆశ పుట్టింది. నలభై ఏళ్ళుగా ఆ గుర్రాల వెనక నడిచాను. పండగ రోజు ఊరు మా గడప ముందు ఆగుతుంది, మా ఇంటికే మొదటి దండ వేస్తుంది. అది పోతుందంటే నాకు మాత్రం బాధుండదా? కానీ ఆ పిల్ల ముఖం కళ్ళముందుకు వచ్చింది.

"నా కోడలి ముట్టు ఊరంతా లెక్కపెట్టింది అంబలంగారూ" అన్నాను. వార్డులో నర్సులు కూడా ఇటు తిరిగారు. "అప్పుడు గుసగుసగా అడిగారా? ఇప్పుడు గుసగుసగా సర్దుకుందామంటారు! సోమవారం గుడి దగ్గర మీరు చెప్పండి, లేదా ఈయన చెప్పాలి. ఇద్దరికీ నోరు రాకపోతే నాకుంది. ఆ హల్వా కూడా తీసుకుపోండి, చంపదలుచుకుంటే వేరే దారి చూసుకోండి."

అంబలం పొట్లం తీసుకుని లేచాడు. మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "డాక్టరమ్మ రెండు వేళ్ళే తీస్తానంది. నువ్వు కాలంతా నరికేశావు కదే!"

"నీ కాలు పోయి ఏడాదయింది. నీకే కబురు అందలేదు" అన్నాను.

రెండు వేళ్ళు తీశారు. వాటితో పాటు గుప్పెడు కుళ్ళిన మాంసం చెక్కేశారు. సోమవారం గుడి దగ్గర అంబలం నోరు విప్పలేదు. నేనే చెప్పాను. విన్నవాళ్ళు విన్నారు. ఊరు పిడికెడు మన్ను తీసుకుపోయి కరుప్పయ్య చేతిలో పెట్టింది. కరుప్పయ్య పెళ్ళాం ఆ సాయంత్రమే, దేవుడి మట్టిలో ఆడది దిగినందుకే మొగుడి వేళ్ళు పోయాయని కుళాయి దగ్గర అందరికీ చెప్పింది. గుర్రం పగిలింది కోడలి వల్లట, వేళ్ళు పోయింది పెళ్ళాం వల్లట. మగాడి కాలికి మాత్రం ఏ పాపమూ తెలియదు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారానికి నేను ఆలంగుడి బస్సెక్కాను. మంగై పెరట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి లేచింది, మజ్జిగ తెచ్చిచ్చింది, మళ్ళీ కూర్చుని ఒలవడం మొదలుపెట్టింది. జరిగిందంతా చెప్పాను. నేను చేసింది కూడా తప్పేనని చెప్పాను. ఆ పిల్ల చేతులు పట్టుకుని చెప్పాను.

"మావ రాలేదే?" అంది.

"కట్టు విప్పలేదు. నడవకూడదన్నారు."

"నోటికి కట్టు లేదుగా అత్తా. ఫోనుందిగా." ఇంకో కాయ ఒలిచి, "మీ అబ్బాయి వారానికి రెండుసార్లు వస్తున్నాడు. వాకిట్లో ఆటోలోనే కూర్చుని వెళ్ళిపోతున్నాడు. దిగమని నేనూ అనలేదు" అంది.

"వాడికి బుద్ధొచ్చింది. మావకూ వస్తుంది. నువ్వు పద. నాలుగున్నర బస్సుంది, పెట్టె సర్దుకో."

"పుండు ఎలా ఉంది?"

"మానుతోంది. రోజూ లోపల గుడ్డ కూరి కట్టు కడుతున్నాను. పైతోలు ముందే కలవకూడదట. అడుగు నుంచి ఎర్రమాంసం పుట్టి, మెల్లగా పైకి రావాలట. పైన మూసుకుపోయి కింద కుళ్ళు మిగిలితే మళ్ళీ కొయ్యాల్సిందేనంది డాక్టరమ్మ."

"ఎన్నాళ్ళు పడుతుందట?"

"మూడు నెలలు. ఇంకా ఎక్కువే పట్టొచ్చు, తొందరపడకూడదంది."

మంగై చేతిలో కాయలు చేటలో పడేసింది. నా ముఖంలోకి మొదటిసారి నేరుగా చూసింది. కోపంగా లేదు, అదే నాకు మరీ కష్టంగా తోచింది.

"మరి నన్ను ఇవాళే బస్సెక్కమంటారేంటత్తా?"

మొగుడికి జవాబు చెప్పాను, అంబలానికి చెప్పాను, గుడి దగ్గర ఊరందరికీ చెప్పాను. ఆ పిల్లను మాత్రం ఇంకోసారి పెట్టె సర్దుకోమనలేదు. మజ్జిగ తాగి గ్లాసు కడిగి బోర్లించి, నాలుగున్నర బస్సులో ఒక్కదాన్నే తిరిగి వచ్చాను.